కంప చెట్టు కట్టెతో కూరగాయల పీట, సంగటి కట్టె: మొద్దు నుంచి నూనె దాకా

"అన్నా, మా చేని గట్టున కంప చెట్లు కొట్టిస్తున్నాం. మొదళ్ళు బాగా లావుగా ఉన్నాయి. పొయ్యిలోకి తప్ప ఇంక దేనికీ పనికిరావా?"

చలికాలం మొదలైతే చాలు, ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వస్తుంది. అనంతపురం చుట్టుపక్కల నుంచే కాదు, ఆదోని నుంచీ జమ్మలమడుగు నుంచీ కూడా అడుగుతున్నారు. ఫోన్లో సగం చెప్పేలోపే ఎవరికో ఒకరికి సిగ్నల్ పోతుంది. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

పనికొస్తుంది. కాకపోతే దాన్ని పొడవు అడక్కూడదు. కంప చెట్టులో రెండడుగులకు మించి తిన్నగా ఉన్న మొద్దు దొరకడం కష్టం. కాబట్టి దూలాలు, గుమ్మాలు, తలుపుల ఆలోచన మానుకోండి. బరువు మోసే పని ఏదీ దీనికి అప్పజెప్పొద్దు. కూరగాయలు కోసే పీట, చపాతీ కర్ర, పప్పు గుత్తి, సంగటి కట్టె, కొడవలి పిడి లాంటి చిన్న వస్తువులు చేసుకోండి. వీటికి నన్నడిగితే టేకు కన్నా ఇదే నయం. టేకు కన్నా బరువైనది, గట్టిది. బాగా ఆరిందంటే ఆ తర్వాత వానకీ ఎండకీ పెద్దగా ఉబ్బదు, కుంచించుకుపోదు. ఇంత మంచి కట్టెను మనం బొగ్గు బట్టీలకు పంపిస్తున్నాం.

కంప చెట్టు, సర్కారు తుమ్మ, సీమ తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ అన్నీ ఒకటే. మధ్య, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెట్టు. మన దేశంలో మొదట నాటిన చోట్లలో మన కడప జిల్లా కమలాపురం ఒకటి, 1877లో. అంటే తిట్టుకున్నా మెచ్చుకున్నా దీనికి మన సీమతో చుట్టరికం పాతదే. నల్ల తుమ్మ మాత్రం వేరు. దాని పువ్వు పసుపు పచ్చటి గుండు బంతిలా ఉంటుంది, కాయ పూసలు గుచ్చినట్టు గింజ గింజకీ నొక్కుకుపోయి ఉంటుంది. కంప చెట్టు పువ్వు పొడవాటి కంకిలా వేలాడుతుంది. కాయ పండితే పసుపు రంగుకు తిరిగి తియ్యగా ఉంటుంది, మేకలు ఎగబడి తింటాయి.

కింది లెక్కలన్నీ 14 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పీటకు. మిగిలిన ముక్కతో సంగటి కట్టె వస్తుంది.

కావలసినవి

- ఎనిమిది అంగుళాలకు తగ్గని అడ్డకొలత ఉన్న మొద్దులు రెండు, ఒక్కొక్కటి రెండడుగులు
- కొవ్వొత్తులు నాలుగైదు, లేదా డబ్బా అడుగున మిగిలిపోయిన ఆయిల్ పెయింట్
- రంపం, చిత్రిక, ఉలి, మూలమట్టం. ఇంట్లో లేకపోతే వీధి చివరి వడ్రంగి దగ్గర ఒక పూట పని
- వంటింటి డిజిటల్ తూకం
- నీటికి తట్టుకునే జిగురు
- నాలుగు క్లాంపులు, లేదా తాడూ చెక్క చీలలూ
- ఉప్పు కాగితం: 80, 120, 180, 220 నంబర్లు
- మందుల షాపులో దొరికే లిక్విడ్ ప్యారఫిన్, కొంచెం తేనె మైనం
- తోలు బూట్లు, మందపాటి గ్లౌజులు, కళ్ళద్దాలు, ఎన్95 మాస్కు
- నాలుగైదు నెలల ఓపిక. ఇది లేకపోతే పై సామాను కొనొద్దు

1. చెట్టు ఎవరిదో ముందు తేల్చుకోండి

మీ పట్టా చేనులోది అయితే సగం తలనొప్పి తగ్గినట్టే. చెరువు కట్ట మీదిది, వాగు పోరంబోకులోది అయితే పంచాయతీలో అడగండి. ఎవరూ చూడట్లేదు కదా అని రిజర్వు ఫారెస్టులో మాత్రం రెమ్మ కూడా ముట్టుకోకండి. మొద్దులు బండిలో వేరే ఊరికి తీసుకెళ్ళాలంటే ముందే అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ఒక మాట అడిగి వెళ్ళండి. ముఖ్యంగా కడప వైపు. ఈ కట్టె చేవ, అంటే మధ్యలో ఉండే గట్టి చెక్క, ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది. ఎర్రచందనం పుట్టిన జిల్లాలో రాత్రిపూట ఎర్ర కట్టె వేసుకుని పోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పగలే తెచ్చుకోండి. బెరడు తీయకుండా తెస్తే చూసినవాళ్ళు ఇది కంపేనని గుర్తుపడతారు.

2. డిసెంబరు, జనవరిలో కొట్టించండి

ఎండాకాలం కొడితే కొసలు మూడో రోజుకే నెర్రెలిస్తాయి. చలికాలం కొట్టిన కట్టె నిదానంగా ఆరుతుంది, పురుగు బెడద కూడా తక్కువ.

ముళ్ళ సంగతి మీకు తెలుసు. ఇది ట్రాక్టరు టైరునే వదలదు, రబ్బరు చెప్పు ఒక లెక్క కాదు. ముందు కొమ్మలన్నీ కొట్టి దూరంగా లాగేసి, నేల ఊడ్చి, ఆ తర్వాతే మొదలు దగ్గరికి వెళ్ళండి. ముల్లు దిగి లోపల విరిగితే, అందులోనూ వేలి కణుపు దగ్గరో మోకాలి దగ్గరో అయితే, సూదితో కెలుక్కుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి. వాపు రోజుల తరబడి ఉండిపోతుంది.

కోత మిషను పెట్టే ముందు బెరడు మీది మట్టి, ఇసుక గట్టి బ్రష్‌తో రుద్దేయండి. గట్టు చెట్టయితే కంచె తీగ కోసం చూడండి. తీగ కట్టిన చెట్టు పదేళ్ళలో దాన్ని మింగేసి పైన బెరడు కప్పేస్తుంది. బెరడు మీద అడ్డంగా పెదవుల్లా ఉబ్బిన గీత కనిపిస్తే లోపల ఇనుము ఉందని అనుమానించండి.

మొదలు పడగానే కోసిన ముఖం చూడండి. చుట్టూ లేత పసుపు రంగు తెల్ల చెక్క, మధ్యలో గోధుమ రంగు చేవ కనిపిస్తాయి. మనకు కావలసింది చేవ. ముఖంలో మూడింట రెండొంతులన్నా చేవ లేకపోతే అది లేత చెట్టు, పొయ్యికే పంపండి. మధ్యలో బొక్క ఉన్నా, ఉల్లిపాయ పొరల్లా గుండ్రటి చీలికలున్నా అంతే.

ఇంకో మాట. మొదలు నరికితే ఈ చెట్టు చావదు, నెల తిరక్కుండానే గుబురుగా చిగురేస్తుంది. చేను బాగు కోసమే కొట్టిస్తుంటే వేరుతో సహా పెకిలించండి. కట్టె బాగుందని కొత్తగా నాటడం మాత్రం వద్దు. ఉన్నవి వందేళ్ళకు సరిపోతాయి.

3. అదే రోజు కొసలు మూయండి

ఎక్కువమంది వదిలేసే పని ఇదే. కట్టెలో తేమ పక్కల నుంచి కన్నా కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొస ముందు ఎండి ముడుచుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది, దాంతో కొస పగులుతుంది. అనంతపురం గాలికి ఇది ఒక్క రాత్రిలో మొదలవుతుంది.

కొవ్వొత్తి కరిగించి రెండు కొసలకూ మందంగా పూయండి. పాత ఆయిల్ పెయింట్ అయితే రెండు పూతలు. పెద్దవాళ్ళు పేడ అలికేవాళ్ళు, అదీ పనిచేస్తుంది కానీ ఎండి రాలిపోతుంటే మళ్ళీ మళ్ళీ అలకాలి.

4. పలకలు కోయించడం

నేను మొదటిసారి మొద్దులు వేసుకుని ఒక సామిల్లుకు వెళ్తే, యజమాని వాటిని కాలితో దొర్లించి చూసి "పొయ్యిలో పెట్టుకో పో సామీ" అన్నాడు. ఆయన తప్పు లేదు. పొట్టి మొద్దు, వంకర మొద్దు పెద్ద మిషను మీద నిలవదు. లోపల మేకో రాయో ఉంటే బ్లేడు పోతుంది. అందుకని చిన్న బ్యాండ్‌సా (పట్టీలాంటి బ్లేడు తిరిగే రంపం మిషను) ఉన్న ఫర్నిచర్ పనివాళ్ళను పట్టుకోండి. లోపల ఇనుము లేదని చూసుకున్నానని చెప్పండి, ఆ పక్కన ఒక బ్లేడు డబ్బులకు సిద్ధంగా ఉండండి.

మందం అంగుళంపావు కోయించండి. ఆరడంలో, చిత్రికలో ఆ పావు పోతుంది. మొద్దు నడిబొడ్డు ఏ పలకకూ మధ్యలో పడకూడదు. బొడ్డు ఉన్న పలక పగలకుండా ఆరడం నేనింకా చూడలేదు. బొడ్డు మీదుగానే కోయించి ఆ గీతను వదిలేయండి.

కోసేటప్పుడు మాస్కు తీయొద్దు. ఈ పొట్టు ముక్కుకు, గొంతుకు ఘాటుగా తగులుతుంది. కొందరికి చేతులు దురద కూడా పెడతాయి.

5. ఆరబెట్టడం

పని మొత్తంలో గెలుపోటములు ఇక్కడే తేలుతాయి.

చోటు: నీడ ఉండాలి, గాలి ఆడాలి. పశువుల కొట్టం బాగా పనికొస్తుంది. మిద్దె మీద వద్దు, సిమెంటు నేల మీద నేరుగా వద్దు. కింద ఇటుకలు పెట్టి జానెడు ఎత్తు లేపండి.

పేర్చడం: పలకకూ పలకకూ మధ్య ముప్పావు అంగుళం మందం అడ్డ పుల్లలు. అన్నీ ఒకే మందం, పై పుల్ల కింది పుల్లకు సరిగ్గా నెత్తిన రావాలి. ఒక పుల్ల రెండంగుళాలు పక్కకు జరిగినా పలక ఆ చోటే వంగుతుంది. అన్నిటి పైన ఒక కడప బండ ముక్క పెట్టండి. మన ఇళ్ళలో ఎక్కడో ఒకచోట మిగిలిన బండ ఉంటుంది కదా, అది ఇంతకన్నా మంచి పనికి రాదు.

గాలి మరీ ఉధృతంగా ఉంటే మొదటి నెల చుట్టూ గోనె సంచులు వేలాడదీయండి. నిదానంగా ఆరితేనే మేలు.

డిసెంబరులో పేర్చినవి నాకు మే మొదటి వారానికి సిద్ధమవుతాయి. మీ చోటును బట్టి అటూ ఇటూ కావొచ్చు కాబట్టి క్యాలెండర్‌ను నమ్మొద్దు, తూకాన్ని నమ్మండి. పేర్చేటప్పుడే ఒక పలక మీద పెన్సిల్‌తో బరువు రాసిపెట్టండి. పదిహేను రోజులకోసారి అదే పలక తూచి దాని మీదే కింద రాయండి. మొదట్లో బరువు గబగబా దిగుతుంది, తర్వాత నత్తనడక. వరసగా మూడు తూకాల్లో ఒకే అంకె వస్తే ఆరినట్టు.

6. తేమ లెక్క

ఇంకా అనుమానం ఉంటే ఇలా చూడండి. పలక కొసలో కాదు, కొస నుంచి ఆరంగుళాలు లోపలికి ఒక చిన్న ముక్క కోయండి. తూచండి, 58 గ్రాములు అనుకుందాం. కేకులు చేసే చిన్న ఓవెన్లో 100 నుంచి 105 డిగ్రీల మీద పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. ఇప్పుడు 52 వచ్చిందనుకోండి. పోయిన నీరు 6 గ్రాములు. 6ని 52తో భాగించి 100తో హెచ్చిస్తే సుమారు 11.5 శాతం. మన ప్రాంతానికి 12 లోపు ఉంటే చాలు. 15 దాటితే మళ్ళీ పేర్చేయండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల కాలి పొగ వస్తుంది.

ఆన్‌లైన్లో దొరికే రెండు సూదుల తేమ మీటరు కూడా పనికొస్తుంది. కాకపోతే అది పైపైన చూస్తుంది. పలకను అప్పుడే అడ్డంగా కోసి, ఆ తాజా ముఖం మీద గుచ్చి చూడండి.

7. తెల్ల చెక్క మొత్తం తీసేయండి

ఆశపడొద్దు. "కొంచెమే కదా, రంగు రంగులుగా అందంగా ఉంది" అని ఉంచుకున్నవాళ్ళంతా తర్వాత నాకు ఫోటోలు పంపారు: గుండుసూది బొక్కలు, కింద మెత్తటి పిండి. పురుగుకు తెల్ల చెక్కలోని పిండి పదార్థమే భోజనం. చేవ జోలికి దాదాపు రాదు. బోరాక్స్ నీళ్ళలో నానబెడితే తెల్ల చెక్కకూ పురుగు పట్టదు కానీ, అది ఫోటో ఫ్రేములకు, తాళాలు తగిలించే బిళ్ళలకు సరి. తిండి తగిలే వస్తువుకు వద్దు.

8. పట్టీలు కోసి అతికించడం

తొమ్మిదంగుళాల వెడల్పు చేవ ఒకే ముక్కగా దొరకదు. అంగుళంన్నర, రెండంగుళాల పట్టీలు ఐదారు కోసి పక్కపక్కన అతికించాలి. అతికే అంచులు చిత్రికతో తిన్నగా పట్టండి. రెండు పట్టీలు ఆనించి వెలుగుకు ఎత్తి పట్టుకోండి. సందులోంచి వెలుతురు గీత కనిపిస్తే మళ్ళీ చిత్రిక. సందును జిగురు నింపుతుందనుకోవద్దు.

జిగురు ఫెవికాల్ మెరైన్ రకం కావాలి, మామూలు ఫెవికాల్ రోజూ కడిగే పీటకు నిలవదు. తిండి వస్తువులకని అమ్మే టైట్‌బాండ్ 3 ఆన్‌లైన్లో దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. అసలు జిగురే వద్దనుకుంటే ఐదారంగుళాల వెడల్పుతో ఒంటి పలక పీట చేసుకోండి. ఉల్లిపాయలు, నిమ్మకాయలు కోసుకోవడానికి అది చాలు.

రెండు అంచులకూ పలచగా రాసి, క్లాంపు బిగించండి. అతుకు పొడవునా సన్నటి చుక్కల వరస బయటికి రావాలి. ఏమీ రాకపోతే జిగురు చాల్లేదు. ధారగా కారితే ఎక్కువైంది. క్లాంపులు లేకపోతే తాడు రెండు చుట్లు గట్టిగా కట్టి, తాడుకూ చెక్కకూ మధ్య చీలలు దిగ్గొట్టండి. ఇనుము తగిలే చోట కాగితం పెట్టండి. తడి కట్టెకు ఇనుము తగిలితే నల్ల మచ్చ పడుతుంది, అది ఒక పట్టాన పోదు. ఒక రోజంతా కదపొద్దు.

అతుకు పట్టిందో లేదో పీట మీద పరీక్షించలేం కదా. అందుకే పక్కన రెండు తుక్కు ముక్కలను అదే జిగురుతో అదే రోజు అతికించి పెట్టుకోండి. మర్నాడు ఉలి పెట్టి కొట్టండి. కట్టె చీలితే మంచిది. జిగురు గీత దగ్గరే శుభ్రంగా విడిపోతే పీట కూడా విడిపోతుంది, మళ్ళీ మొదటికి రండి.

9. నునుపు చేయడం

ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్రలా ఇది వెన్నలా తెగుతుందనుకోవద్దు. నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది. చిత్రిక ఒక దిక్కున జారుతుంది, అరచేయి దాటగానే పెచ్చు లేపుతుంది. బ్లేడు పదే పదే నూరుకోవాలి, కాగితమంత పలచగా తీయాలి. పెచ్చులు లేస్తూనే ఉంటే చిత్రిక పక్కన పెట్టి గాజు పెంకుతో గీకండి. పాత వడ్రంగులు పిడులు నున్నగా చేసేది దాంతోనే. గ్లౌజులు మరవొద్దు.

తర్వాత ఉప్పు కాగితం, 80 నుంచి వరసగా 220 దాకా. నంబరు ఎగ్గొట్టొద్దు. చివర తడి గుడ్డతో తుడిచి అరగంట ఆరనివ్వండి. నూగు లేచి చేతికి గరుకుగా తగులుతుంది. మళ్ళీ ఒకసారి 220 పట్టండి. ఈ తడిపే పని ఇప్పుడు చేయకపోతే మొదటిసారి కడిగినప్పుడు మీ ఇంట్లోవాళ్ళు చేస్తారు, తిట్లు మీకు పడతాయి.

పీటను పాలిష్ చేసిన బండ మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కండి. టకటకమని ఊగితే, బండ మీదే 80 నంబరు కాగితం పరిచి ఎత్తున్న మూలను రుద్దండి.

10. నూనె

మన దగ్గర అందరూ చేసే తప్పు: వేరుశనగ నూనె. బుడ్డలు పండే నేల, ఇంట్లో డబ్బా ఎప్పుడూ ఉంటుంది, చేయి దాని మీదికే పోతుంది. కానీ ఆ నూనె గట్టిపడదు. కట్టెలోనే ఉండి నెలలోపు జిడ్డుగా మారి ముక్క వాసన కొడుతుంది. నువ్వుల నూనెతోనూ అదే కథ.

మందుల షాపులో లిక్విడ్ ప్యారఫిన్ అడగండి. మలబద్ధకానికి ఇచ్చేదే, షాపతను అదోలా చూసినా పట్టించుకోకండి. తెల్లటి పాలలాంటి సిరప్ ఇస్తే తీసుకోవద్దు, అందులో వేరే మందు కలిసి ఉంటుంది. నీళ్ళలా స్వచ్ఛంగా, రంగూ వాసనా లేకుండా ఉండాలి. నాలుగు వంతుల నూనెకు ఒక వంతు తేనె మైనం కలిపి, గిన్నెను వేడి నీళ్ళలో పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద వద్దు.

గోరువెచ్చగా రాసి, రాత్రంతా వదిలి, పొద్దున పొడి గుడ్డతో తుడవండి. మూడు రోజులు ఇలాగే. కొసలు ఎక్కువ తాగుతాయి, వాటికి ఇంకో పూత.

అవిసె నూనె గట్టిపడే రకమే, తినే అవిసె నూనె వాడొచ్చు, కానీ ఆరడానికి వారాలు పడుతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ రకం మాత్రం వద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు మందులు కలుపుతారు. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు. దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి బయట తీగ మీద ఆరేయండి.

పూత సరిపోయిందా? నాలుగు నీటి చుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. చుక్క ముత్యంలా నిలిస్తే సరి. కింద ముదురు మచ్చ పాకితే ఇంకో పూత.

సంగటి కట్టె

ఇది సులువు. ఆరిన చేవలోంచి రెండడుగుల పొడవు, అంగుళంపావు చదరం ముక్క తీయండి. నార ఒక కొస నుంచి రెండో కొస దాకా తెగకుండా పోవాలి. పక్కకు వాలిపోతుంటే గట్టి సంగటి కెలికేటప్పుడు అక్కడే విరుగుతుంది. మూలలు కొట్టి గుండ్రంగా చేసి, అడుగు కొస కొంచెం బల్లపరుపుగా ఉంచి, గాజు పెంకుతో గీకి నున్నగా చేయండి. నూనె అక్కర్లేదు. మరిగే నీళ్ళలో పావుగంట ఉంచితే నీళ్ళు టీ రంగుకు వస్తాయి. పారబోసి మళ్ళీ ఉడికించండి. రంగు దిగడం ఆగేదాకా ఇలా చేసి, తర్వాతే కుండలో పెట్టండి.

అడుగుతుండే చిన్న సందేహాలు

వెంట్రుకంత చీలిక ఉంటే? అదే కట్టె పొట్టును జిగురుతో కలిపి కూరి రుద్దేయండి. గోరు దూరేంత ఉంటే ఆ పట్టీ తీసేయండి, అందులో కూర తుక్కు చేరి కుళ్ళుతుంది.

రంగు రోజురోజుకీ ముదురుతోంది, పాడవుతోందా? లేదు, వెలుతురుకు ఈ చేవ అలాగే ఎర్రబడుతుంది. నాకైతే ఆ రంగే ఇష్టం.

మాంసం కొట్టొచ్చా? కోయొచ్చు, కత్తితో కొట్టొద్దు. అతుకుల పీట ఆ దెబ్బలకు నిలవదు. దానికి చింత మొద్దే సరైనది, మటన్ కొట్టుల్లో ఊరికే పెట్టుకోలేదు.

కడిగిన పీటను గోడకు నిలబెట్టి ఆరనివ్వండి, బల్ల మీద పడుకోబెడితే కింది ముఖం తడిగానే ఉండి పీట దోనెలా వంగుతుంది. తొలకరి పడ్డాక ఒకసారి పీట ఎత్తి, అది ఉన్న చోట నల్ల కాగితం పరిచి వారం ఆగండి. కాగితం మీద పిండి రాలితే, ఏదో పట్టీలో తెల్ల చెక్క అంచు మిగిలిపోయిందన్నమాట.